సేవ్ అయ్యిందన్న మాట

అనకాపల్లి,
జులై 2006.

రోనాల్డ్ బావా,

నువ్వు పంపిన కొత్త సీడీ వేసి చూసేను. చీదరేసింది.

కంప్యూటర్ని లోపల్నించి నడిపే కెర్నల్ మటుకు ఊరికే దొరికే లినక్స్‌దే ఉంచి, దాని చుట్టూ ఉన్నదంతా మనవాళ్ళకి పనికొచ్చేటట్టు తెలుగులో మళ్ళీ రాద్దామని కదా ఇద్దరం మొదలెట్టేం? మన ఊళ్ళో కంప్యూటర్ని ఎవడూ పద్ధతిగా ఆపడు, పనవ్వగానే మెయిన్ స్విచ్ దించేత్తాడు. నీకు తెలీదా? అందుకే టైపు చేసిన ప్రతి లైనూ అప్పటికప్పుడే డిస్కుకి ఎక్కేలా నేను రాసేను. స్లో అయిపోతందని నువ్వది పీకేసేవు. ఇప్పుడు రాసిందంతా కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలోనే కూచుని, తీరిగ్గా డిస్కుకి వెళ్తంది. తెర మీద మాత్రం "సేవ్ అయ్యింది" అని ముందే వచ్చేత్తంది. ఆ స్పీడు చూసి హైదరాబాదులో నీకు చప్పట్లు కొట్టేరట. థూ!

మొన్న చర్చి ఆఫీసులో, నీ సీడీ ఎక్కించిన కంప్యూటర్లోనే, మీ అమ్మ తను కట్టిన పాటలన్నీ చెప్తంటే మీ చెల్లి దీనా టైపు చేసింది. తెర మీద ఆ మాట చూసేకే ఇద్దరూ లేచేరు. చర్చి చూసుకునే యేసుపాదం ఎప్పట్లాగే మెయిన్ దించి తాళం వేసేడు. మర్నాడు చూత్తే ఒక్క పాటా లేదు.

మళ్ళీ చెప్పమంటే అత్త చెప్పనంది. నన్ను ఒకటే అడిగింది: "బాబూ, సేవ్ అయిపోనాదని ఆ మిషను తనంతట తానే సెప్పిందా, మావోడు సెప్పించేడా?"

ఆ జవాబేదో నువ్వొచ్చి చెప్పు.

నీ బావ