ఎర్ర కారుకు కొత్త రేడియేటరు

సిద్దిపేట,
ఆదివారం.

ప్రియమైన మీకు దేవిక వందనాలు.

ప్రభువు దయవల్ల నేనూ అత్తమ్మా మన పిల్ల ఎస్తేరూ బాగున్నాం. ఓడ మీద మీకు తిండి పడుతోందని నమ్ముతున్నాను. ఫోన్‌లో అయితే నేను సగం చెప్పేలోపే మీరు గొంతు పెంచుతారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. ఎస్తేరు లెక్కల్లో పాసైంది, ఎలా పాసైందో నాకూ అనుమానమే. మీ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు మీద కవరు ఉంది. మీటరు ఎంత చూపిస్తోందో, మెకానిక్ నరహరి దాన్ని దొంగచాటుగా తోలుతున్నాడా లేదా అన్నది చివర్లో రాస్తాను. అదే నిజమైతే వాణ్ణి గేటు లోపలికి రానివ్వనన్నారు, గుర్తుంది.

ముందు రేడియేటరు సంగతి. కారు కింద నీళ్ళు కారుతుంటే నరహరిని పిలిచాను. చూడగానే, "వదినా, గిది అతుకులేసినా ఆగదు" అన్నాడు. రెండు దారులు చెప్పాడు. పాత రాగి రేడియేటరుకే లోపలి గొట్టాలు మార్పించడం ఒకటి, అదే కొలతతో అల్యూమినియంది కొత్తగా చేయించడం ఇంకొకటి. కొత్తదాని మీదే అతని మనసున్నట్టు తోచింది. మరి పాతదానిలోని రాగి ఎవరి పాలవుతుంది? మెకానిక్కులను నేను ఊరికే నమ్మను. అతను దాన్ని విప్పి తీసుకెళ్ళేముందు మూలకు ఎస్తేరు గోళ్ళరంగు పూసి గుర్తు పెట్టాను.

మరునాడు చెప్పకుండా నరహరి షెడ్డుకు వెళ్ళాను. మీతోనే ఫోన్‌లో ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు గానీ మాటలు వినపడ్డాయి. "అన్నా, నిలబడి నిలబడి పాడైంది. బండి ఎవ్వలు తోల్లే." అది అబద్ధమని నాకు తెలుసు. ఇంత నున్నగా అబద్ధమాడేవాడు రాగిని వదులుతాడా అనుకున్నాను.

"పాతది ఏది, చూపించు" అని నిలదీశాను.

తెచ్చి ముందు పెట్టాడు. నా గోళ్ళరంగు చెక్కుచెదరలేదు. పైమూత కోసి ఉంది. గొట్టాల నిండా తెల్లగా సున్నం.

"కూలెంట్ సుక్క లేదు వదినా, ఉత్త బోరు నీళ్ళు. ఎవలు పోసిన్రో నేనడగ. సీటు ముందట్కి జరిగున్నది. అన్న కాళ్ళు గంత పొట్టియి కావు." పాతదాన్ని పక్కకు జరిపి మళ్ళీ అన్నాడు. "నాకు గదొక్కటే చెప్పు. బండి నిలబడేదా, నడిచేదా? నిలబడేదైతే పాత రాగిదే బాగు చేస్త. నడిచేదైతే కొత్తదెయ్యాలె."

రాగి దొంగ అనుకున్నవాడు నా కోసం మీతో అబద్ధమాడాడు.

అవునండీ, తోలుతున్నది నేనే. మీరు వెళ్ళినప్పటి నుంచి ప్రతి శనివారం చంద్లాపూర్ కట్ట దాకా వెళ్ళి, కాసేపు నీళ్ళు చూసి వస్తున్నాను. పెళ్ళికి ముందే మా బాపు నాకు లారీ మీద నేర్పాడు. "ఈ బండి ఆడవాళ్ళ చేతికి లొంగదు" అని మీరు అన్నారు చూడండి, ఆ రోజు నుంచి మీకు చెప్పబుద్ధి కాలేదు. బయలుదేరే ముందు బాపు లారీకి పోసినట్టే బోరు కింద బిందె పట్టి పోసేదాన్ని. పోయిన వారం శనివారం కట్ట మీద పొగలు కక్కితే, చల్లారేదాకా కూర్చుని మెల్లగా తెచ్చాను.

అది చిన్న తప్పు. మీరు నరహరిని అనుమానిస్తూ రాసిన ప్రతిసారీ నేను ఊరుకున్నాను. ఆ అనుమానం నాకు అక్కరకొచ్చింది. ఇది పెద్ద తప్పు, దీనికి నిజంగా సిగ్గుపడుతున్నాను.

నడిచేదేనని అతనికి చెప్పాను. అల్యూమినియంది బుధవారం వేస్తాడు, కూలెంట్ నేనే దగ్గరుండి పోయిస్తాను.

మీటరు అడిగారు కదా. మీరు వెళ్ళిన రోజు కంటే తొమ్మిది వందల నలభై కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది. అందులో నరహరివి ఒక్కటీ లేవు.

ఇట్లు,
పొట్టి కాళ్ళ మీ భార్య
దేవిక