ఊ కొట్టిన గొంతు

పద్మారావు నగర్, సికింద్రాబాదు,
జులై 2003.

చిరంజీవి భానుప్రియకు,

చచ్చిపోయిన మనిషి నీ మాటకి ఊ కొట్టడం ఎప్పుడైనా విన్నావా తల్లీ? నేను విన్నాను. అది చెప్పేముందు, ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే. బెంగళూరులో కొత్త ఆఫీసు ఎలా ఉందో నువ్వు రాయనేలేదు.

"ఈ విశ్వానికి మనం ఉన్నట్టే తెలీదు, ఇక బతుక్కి అర్థం ఎక్కడిది నాన్నా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. జవాబుగా పది శ్లోకాలు రాసి, నాస్తికురాలివని చెడామడా తిట్టాను. పార్కులో గీత చెబుతూ మైకు లేకుండా అరిచేవాణ్ణి, కాగితం మీదా అరిచాను.

తిరుమలగిరిలో సైనికుల బట్టలు కుట్టే బిక్షం మంచం పట్టాడని రోజూ వెళ్ళి గీతలో ఓ అధ్యాయం చదివేవాణ్ణి. శ్లోకానికో ఊ కొట్టాలి, ఊ ఆగితే పుస్తకం మూసి లేచిపోతాను, అదీ నా నియమం. "మీ దేవుడు ఉన్నడో లేడో గానీ అయ్యగారూ, మీరు సదువుతుంటె నిద్ర మంచిగ వడ్తది," అని నవ్వేవాడు.

సోమవారం మధ్యాహ్నం చివరి అధ్యాయం. కరెంటు లేదు. నా కళ్ళు పుస్తకం మీదే. ఊ పడుతూనే ఉంది. "ఆత్మకు చావు లేదు బిక్షం!" అని గద్దించాను. ఊ. అప్పుడు తెలిసింది, అది మంచం మీంచి రావడంలేదు, నా వీపు వెనకనుంచి వస్తోంది. బిక్షం తెరిచిన కంటి మీద ఈగ నడుస్తోంది.

తిరిగి చూస్తే గుమ్మంలో అతని భార్య దేవమ్మ.

"మీరు షురూ జేసిన జెరసేపటికే పోయిండు అయ్యగారూ. ఊ ఆగితె మీరు లేస్తరు గద! సగంల ఇడిసిపెడితె ఎట్ల? అందుకే నేను కొడుతున్న. సదువుండ్రి."

చదివాను. ఒక్కో శ్లోకం తరవాత ఆగి, పైకి చెవి పెట్టాను. ఇరవై రెండేళ్ళుగా పైన వినేవాడున్నాడని అరిచినవాణ్ణి. పైనుంచి ఏమీ రాలేదమ్మా. నా గొంతు నాకే పరాయివాడిదిలా వినపడింది. పైన ఎవరున్నారో ఆ గదిలో నాకు తేలలేదు. వెనక దేవమ్మ ఉందని మాత్రం తెలుసు. ఆ ఊ పట్టుకునే చివరిదాకా చదివాను. నీకివ్వడానికి నా దగ్గరున్న అర్థం ఇంతే.

ఇప్పుడు అసలు మాట. నువ్వుండే ఎనిమిదో అంతస్తు కిటికీ గురించి నువ్వు రెండుసార్లు రాశావు. చదివాను, భయపడ్డాను, చూడనట్టు నటించి శ్లోకాలు రాశాను. నన్ను క్షమించు. చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ? ఫోనులో అడిగితే "బాగానే ఉన్నా" అని పెట్టేస్తున్నావు.

అందుకే మీ రాజబాబు బాబాయి చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను. చదివేదాకా నీ ఎదురుగానే కూర్చుంటాడు. సెలవు అడగొద్దు, బట్టలు సర్దొద్దు. చెప్పులు తొడుక్కుని బాబాయితో ఇవాళే, ఈ పూటే రైలెక్కు.

ఇట్లు,
కాచిగూడ స్టేషన్లో నిలబడి ఉండే
నీ నాన్న