పాలలో నానిన బ్రెడ్డు

అక్కకు, నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నది. నా పొట్ట సంగతి పక్కన పెడితే ఇక్కడ ఇద్దరం క్షేమం. అక్కడ నువ్వూ బావగారూ పాపా బాగున్నారని తలుస్తాను.

గోధుమ మానేశాక ఎలా ఉందని అడిగావు. విరేచనాలు తగ్గాయి, నీరసం తగ్గలేదు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురే కదా నాకు పడనిది, అన్నం తింటే సరిపోతుంది అనుకున్నాను. తీరా చూస్తే అది ప్యాకెట్ సూపులో ఉంది, సాసులో ఉంది. బియ్యప్పిండితో రొట్టె చేసుకున్నా కడుపులో అదే మెలి. ఎందుకా అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నేను జల్లించింది గోధుమపిండి జల్లెడతోనే. ఎంత కడిగినా దాని కన్నాల్లో పిండి పోదు. ఇప్పుడు కొత్తది కొన్నాను.

మీ మరిది బేకరీలో పిండి కలిపే మనిషి కదా. ఆయన్ని గుమ్మంలోనే ఆపి, స్నానం చేశాకే గదిలోకి రానిస్తున్నాను. "అందరూ మొగుడు తాగొస్తే గుమ్మంలో ఆపుతారు, నువ్వు పిండితో వస్తే ఆపుతున్నావు" అంటాడు. నవ్వుతాం గానీ, ఆయన ఆ పని మానితే గడిచేదెలాగని ఇద్దరికీ లోపల భయమే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇప్పుడు పాలు కూడా పడటం లేదు. అర గ్లాసు తాగితే కడుపు ఉబ్బిపోతుంది. మొన్న గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు. పేగు లోపల దెబ్బతింది, అది బాగయ్యేదాకా ఇంకేవి పడవో తిని చూస్తే గాని తెలియదన్నారు డాక్టరమ్మ. కంచం ముందు కూర్చోవాలంటేనే దిగులుగా ఉంటోంది.

పాప ఒళ్లు చేయడం లేదని, పొట్ట మాత్రం ముందుకొచ్చిందని రాశావు. బిస్కెట్లూ బ్రెడ్డూ తప్ప ఏదీ ఇష్టంగా తినదన్నావు. ఆ ముక్క చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ దాచిన మాట ఇక చెప్పక తప్పదు.

ఇది ఇంట్లో ఒకరికుంటే రక్తసంబంధీకుల్లో ఇంకొకరికీ వచ్చే జబ్బట. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగితే, మన తమ్ముడు చిన్నోడి సంగతి చెప్పాను. కాళ్లూ చేతులూ పుల్లలైపోయి, పొట్ట ఒక్కటే మిగిలి, బడికి వెళ్లే వయసు రాకుండానే పోయాడని.

"ఏం పెట్టేవాళ్లమ్మా వాడికి?"

"పాలలో బ్రెడ్డు నానబెట్టి మా అక్క తినిపించేదండీ."

ఆవిడ ఆ మాట కాగితంలో రాసుకున్నారు. "అదే అయ్యుండొచ్చు. ఇప్పుడు తేల్చి చెప్పలేం" అన్నారు.

అక్కా, అమ్మ పనికి పోతే వాణ్ని చంకనేసుకుని తిరిగింది నువ్వు. తేలిగ్గా అరుగుతుంది, బ్రెడ్డే పెట్టమన్నది అప్పటి డాక్టరు. నువ్వూ అప్పటికి పిల్లవే. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. అయినా నువ్వు తట్టుకోలేవని రెండు ఉత్తరాల్లో ఈ మాట మింగేశాను. పాప కోసం కాకపోతే చచ్చేదాకా చెప్పేదాన్ని కాదు.

ఉత్తరం అందగానే పాపకు రక్తపరీక్ష చేయించు. ఇంకొక్క మాట ఉంది, అది రాయడానికి చెయ్యి రావడం లేదు. పరీక్ష అయ్యేదాకా గోధుమ మాన్పించకూడదట. మాన్పిస్తే జబ్బు ఉన్నా రక్తంలో బయటపడదట. పాప నీ చేత్తో పెడితే తప్ప ఏదీ ముట్టదని నాకు తెలుసు. అప్పటిదాకా రోజూ ఆ బ్రెడ్డు నువ్వే పెట్టాలి, అక్కా. ఏడుస్తూనైనా సరే, పెట్టు.

ఇట్లు,
నీ చెల్లెలు