పుస్తకంలో రాయనిది

ప్రియమైన నీకు,

ఇక్కడ అంతా బాగానే ఉందని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను.

నీ తమ్ముడి మనసు జబ్బుకిచ్చిన లిథియం బిళ్లలు రెండు పూటలా నా చేత్తోనే ఇస్తున్నాను. ఏం తిన్నాడో, ఎంతసేపు పడుకున్నాడో కత్తిరింపు కాగితాలతో కుట్టిన పుస్తకంలో రోజూ రాస్తున్నాను. పదో తేదీన బైండింగ్ షాపులో కటింగ్ మిషను జరుపుతుంటే తనూ చెయ్యి వేశాడు. నడుం పట్టేసింది. దాని సంగతి నేను చూసుకుంటున్నాను.

పదిహేనో తేదీ నుంచి వాడి చేతులు వణుకుతున్నాయి. జిగురు గిన్నె రెండుసార్లు ఒలకబోశాడు. "బావా, నేను కుట్టిన పుస్తకం చదివితే ఎవరికైనా తల తిరుగుతుంది" అని నవ్వాడు. నిన్న వాంతులు. ఇవాళ మాట ముద్దగా వస్తోంది, నడిస్తే తూలుతున్నాడు. జబ్బు తిరగబెట్టిందేమో. నువ్వైతే చూడగానే పోల్చుకునేదానివి.

అలిసిపోయాను. ఫిర్యాదు కాదు.

నీ బైండరు

*

ప్రియమైన శ్రీవారికి,

షిఫ్టు దిగి, నిలబడే చదివాను. తూలడం, ముద్దమాట... వాడు మళ్లీ తాగుతున్నాడండీ. లేదంటే బిళ్ల నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడు. పోయినసారి అలాగే చేసి దూకేస్తానని మేడ పిట్టగోడ ఎక్కాడు, మర్చిపోయారా? నోరు తెరిపించి చూడండి. ఒక్క పూట కూడా మానిపించొద్దు.

మీరు మాట్లాడరు గానీ, వాణ్ణి వదిలెయ్యరని తెలుసు. ఆ ధైర్యంతోనే ఇక్కడ ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగిస్తున్నాను.

మీ నేను

*

ప్రియమైన నీకు,

తొమ్మిది రోజులు రాయలేదు. ముందు ఇది చదువు. బతికాడు.

నీ ఉత్తరం అందిన రోజు నోరు తెరిపించి మరీ బిళ్ల వేశాను. "తాగాననుకుంటున్నావా బావా?" అన్నాడు. "మీ అక్క రాసింది" అన్నాను. మర్నాడు పొద్దున పిలిస్తే పలకలేదు. ఒళ్లంతా కొట్టుకుంటోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా పుస్తకం మొత్తం తిరగేసింది.

"పదో తేదీ తర్వాత కొత్తగా ఏం మింగాడు?"

"ఏమీ లేదండీ."

"నడుం పట్టిందని రాశారుగా. దానంతటదే తగ్గిందా?"

నొప్పి బిళ్లలు నేనే కొన్నాను. మూడు పూటలా ఇచ్చాను. మనసు మందు కాదు కదా అని పుస్తకంలో రాయలేదు. ఆ బిళ్లలు లిథియాన్ని ఒంట్లోంచి బయటికి పోనివ్వవట. అది పేరుకుపోయి విషమైంది. వణుకు, వాంతులు, తూలడం అన్నీ దానివల్లే. రెండుసార్లు మిషను పెట్టి రక్తం శుద్ధి చేశారు. వాడు ఒక్క బిళ్ల కూడా ఉమ్మలేదు. ఉమ్మి ఉంటే బాగుండేది.

నిన్న లేచి కూర్చున్నాడు. నేను చేసింది చెప్పాను.

"అక్కకి రాశావా?"

"ఇంకా లేదు."

"రాయి. మిగతాది నీ ఇష్టం, ఒక్క ముక్క మాత్రం తప్పకుండా రాయి."

ఆ ముక్క నేను రాస్తే సరిపోదనిపించింది. కలం వాడికే ఇచ్చాను. చెయ్యి ఇంకా వణుకుతోంది. కింద వంకరగా ఉన్నవి వాడి అక్షరాలు.

నీ బైండరు

నేను తాగలేదక్కా.