పసుపు దీపం, పది నంబరు పానా

చిరంజీవి ఆడపడుచుకి, అనగా కార్ల షెడ్డు యజమానురాలికి, వదిన ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, కారు తప్ప. ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో అన్నమాటని నువ్వు మర్నాటికి "నేననలేదే" అంటావు. కాగితం మీద పడితే పడి ఉంటుంది.

"ఇంక పదేళ్లు ఢోకా లేదు వదినా" అని గుండె మీద చెయ్యేసుకుని నువ్వు అప్పజెప్పిన కారు, పది నెలలకే పొల్యూషన్ పరీక్ష తప్పింది. డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు దీపం వెలుగుతోంది. పరీక్ష కేంద్రం ఆయన ఆ దీపం చూసి, పొగ కూడా చూడకుండా "తీసుకెళ్లమ్మా" అన్నాడు. నా డ్రైవింగ్ స్కూలుకి ఉన్నది ఈ ఒక్క కారే. నెలాఖరులోగా సర్టిఫికెట్ తేకపోతే బోర్డు దించెయ్యాలట. పన్నెండేళ్ల బోర్డు.

మీ అన్నయ్య లైసెన్సు పరీక్ష కూడా ఈ కారులోనే. సర్టిఫికెట్ లేకపోతే దానికీ పెట్టకూడదట. అందరూ నెలలో నేర్చుకుంటారు. ఆయనకి ఏడాదిన్నరగా రోజూ సాయంత్రం ఐదింటికి నేర్పుతున్నాను. నిన్న కూడా క్లచ్చు ఏ కాలితో తొక్కాలని అడిగారు.

వెంటనే జవాబు రాయి.
ఇట్లు, నీ పనితనానికి బలైన వదిన

తా.క. దీపం కనిపించకుండా దాని మీద బొట్టుబిళ్ల అంటించాను. తప్పైతే చెప్పు, తీసేస్తాను.

* * *

వదినకి నమస్కారాలు.

తప్పే. తీసెయ్యి. జ్వరమొస్తే థర్మామీటరు దాచే మనిషివని పెళ్లిచూపుల్లోనే అనుకున్నాను.

ఆ దీపం అంటే ఇంజిన్ ఏదో చెప్పుకుంటోందని. ఏం చెబుతోందో పది నెలల కిందట బాగుచేసిన నాకు ఇంత దూరం నుంచి వినపడదు. మీ ఊళ్లో స్కానర్ ఉన్న మెకానిక్ చేత కోడ్ చదివించు. అతను చెప్పిన భాగం మార్పించు. మార్చాక ఒక వారం ఊరి బయట రోడ్డు మీద తిప్పు, కాసేపు నిదానంగా, కాసేపు వేగంగా. కారులో కంప్యూటర్ అన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. అప్పుడు పరీక్షకి వెళ్లు.

ఒక్కటి మాత్రం చెవిన పెట్టు. కొందరు మహా మేధావులు దీపం ఆర్పడానికి బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ పెడతారు. దీపం ఆరుతుంది, దాంతోపాటు కంప్యూటర్‌కి జ్ఞాపకమంతా పోతుంది. పరీక్ష కేంద్రంలో మిషను "మెమరీ ఖాళీ" అని తిప్పి పంపుతుంది. వారం తిప్పిందంతా వృథా. కాబట్టి బ్యాటరీ జోలికి వెళ్లకు.

ఇట్లు, నిందలు మోసే ఆడపడుచు

తా.క. పోయినసారి వచ్చినప్పుడు మంచం బిగించాలని అన్నయ్య నా పది నంబరు పానా పట్టుకెళ్లాడు. మంచం బిగిసిందా, లేక ఇంకా నేల మీదే పడుకుంటున్నారా?

* * *

ఆడపడుచు గారికి,

గారు అన్నాను, గమనించు. కోపంగా ఉన్నాను.

నీ కోడిగీతలు ఆయనకే అర్థమవుతాయని ఉత్తరం మీ అన్నయ్య చేతే చదివించుకున్నాను. బ్యాటరీ సంగతి దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. చెల్లెలి తెలివికి మురిసిపోయారు.

కోడ్ చదివించాను. ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు. మార్పించాను, దీపం ఆరింది. వారమంతా తిప్పాను. ఆవులు కూడా నన్ను గుర్తుపట్టి పక్కకి జరుగుతున్నాయి. ఇంత చేసి వెళ్తే మిషను ఏమందో తెలుసా? "మెమరీ ఖాళీ." లైన్లో నా వెనక ఉన్నది నా దగ్గర నేర్చుకున్న పళ్ల డాక్టరు. ఆయన ముందు పరువు పోయింది.

ఇట్లు, వదిన

తా.క. పొద్దున తొమ్మిదింటికి పరీక్షకి వెళ్తే కారులో గడియారం మూడు చూపించింది. నీ చెయ్యి పడితే గడియారానికి కూడా తిక్క పుడుతుంది కాబోలు.

* * *

వదినమ్మకి,

నేను అమ్మ చేర్చాను. నాకూ కోపమొచ్చింది.

బ్యాటరీ ముట్టుకోవద్దంటే ముట్టుకున్నావు. ఇంకెలా ఖాళీ అవుతుంది? నీకు చేతులు ఊరుకోవు. కుక్కరు విజిల్ కూడా తీసి చూసే మనిషివి. మళ్లీ వారం తిప్పు. ఈసారి బానెట్‌కి తాళం ఉంటే వేసి, తాళంచెవి అన్నయ్యకి ఇవ్వు. ఆ ఇంట్లో నిదానస్తుడు వాడొక్కడే.

ఇట్లు, ఆడపడుచు

తా.క. గడియారాలు బాగుచెయ్యను. కార్లే.

* * *

ఇక నుంచి మెకానిక్ గారికి,

మళ్లీ "మెమరీ ఖాళీ." బానెట్ కూడా ఎత్తలేదు నేను. కావాలంటే మీ అన్నయ్యే సాక్షి. ఐదింటి పాఠం అవగానే ఆరింటికి కారు కడుగుతారు పాపం, పరీక్ష ముందురోజైతే మరీ శ్రద్ధగా. నన్ను దగ్గరికి కూడా రానివ్వరు, చీర తడుస్తుందని.

గడువు పది రోజులుంది. నేను ఏడవను, నీకు తెలుసుగా. నిన్న బోర్డు తుడుస్తూ ఏడ్చాను. మరో మెకానిక్‌ని చూసుకుంటాను. మన చుట్టరికం ఇంతటితో సరి, పెళ్లిళ్లకి మాత్రం కలుద్దాం.

ఇట్లు, ఇంకా వదినే

తా.క. మీ అన్నయ్య లైసెన్సు పరీక్ష మళ్లీ వాయిదా పడింది. ఆ దిగులుతో కాబోలు రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు.

ఇంకో తా.క. సరిచేసి పెట్టినా గడియారం మళ్లీ తొమ్మిదింటికి మూడే.

* * *

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్య చేతికి ఇవ్వకు. అందుకే నువ్వే చదువుకునేలా అచ్చు వేసినట్టు గుండ్రంగా రాశాను.

నన్ను క్షమించు. గడియారం గురించి రెండుసార్లు చెప్పావు, నేను వెటకారంతోనే సరిపెట్టాను. బ్యాటరీ తీగ పీకి పెడితే ఆ గడియారం పన్నెండు నుంచి మొదలవుతుంది. తొమ్మిదింటికి మూడు చూపించిందంటే, పీకి మూడు గంటలైనా అయ్యుండాలి, పదిహేనైనా అయ్యుండాలి. లెక్కవెయ్యి. ఆ పొద్దున ఆరు, లేదా ముందురోజు సాయంత్రం ఆరు. ఆరింటికి కారు దగ్గర ఎవరుంటారో నువ్వే రాశావు. ఆ తీగ నట్టు పది నంబరుది. పానా ఎవరి దగ్గరుందో నేనే రాశాను. ఎలా పీకాలో నేర్పిందీ నేనే. రెండుసార్లు చదువుకున్నాడు కూడా, నిదానస్తుడు!

లైసెన్సు పరీక్షంటే భయం వాడికి. ముందు పానా దాచు. తిట్లు తర్వాత.

ఇట్లు, తల దించుకున్న ఆడపడుచు

తా.క. తిట్టేటప్పుడు నా వాటా కూడా కలిపి తిట్టు.

* * *

బంగారు ఆడపడుచుకి వదిన దీవించి రాయునది.

పానా కుట్టుమిషను సొరుగులో పెట్టాను, గడియారం సరిచేశాను. మళ్లీ వారం తిప్పాను. పరీక్ష ముందురోజు సాయంత్రం మీ అన్నయ్య ఇల్లంతా గాలిస్తున్నారు. ఏమిటని అడిగితే కళ్లజోడన్నారు. అది ముక్కు మీదే ఉంది.

పొద్దున తొమ్మిదింటికి గడియారం తొమ్మిదే చూపించింది. సర్టిఫికెట్ చేతికొచ్చింది. బోర్డు ఎక్కడిదక్కడే ఉంది.

ఆ మర్నాడే ఆయన్ని లైసెన్సు పరీక్షకి లాక్కెళ్లాను. ఆఫీసరు కారు దిగి ఏమన్నాడో విను. "ఈయనకి మీరు నేర్పడమేమిటమ్మా, ఈయనే మీకు నేర్పాలి." నేను నోరెళ్లబెట్టాను. తిరిగొచ్చే దారిలో పానా తీసి మీ అన్నయ్య ఒళ్లో పెట్టాను. ఆయన సిగ్నల్ వేసి, అద్దం చూసి, శుభ్రంగా పక్కకి ఆపారు. క్లచ్చు ఏ కాలితోనో అడగలేదు.

"లైసెన్సు వస్తే ఐదింటి పాఠం పోతుందిగా" అన్నారు. "పొద్దున్నుంచీ ఊళ్లోవాళ్ల పక్కన కూర్చుంటావు. నాకు దొరికేది ఆ గంటే. పరీక్షలో కావాలని తప్పితే నీ స్కూలు పరువు పోతుంది. నా లైసెన్సు పరీక్ష తేదీలు దాటిపోయాక, గడువులోగా నీ సర్టిఫికెట్ రానిచ్చేవాణ్ణే."

భయం కాదమ్మాయ్. వారం నుంచి పోగేసుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. ఏడుపొచ్చింది. రాస్తుంటే కూడా వస్తోంది, నవ్వుకో.

ఇట్లు, నీ వదిన

తా.క. పానా ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. మంచం ఇంకా ఊగుతూనే ఉంది.

ఇంకో తా.క. ఐదింటి గంట రద్దు చెయ్యలేదు. ఆయన నడుపుతారు, నేను పక్కన కూర్చుంటాను. పాఠాలు అయిపోయాయి కదా, నేర్పేవాళ్ల కోసం నా వైపు పెట్టించిన బ్రేకు పీకించెయ్యమంటున్నారు. పీకించను. ప్రేమ వేరు, బ్రేకు వేరు.