ప్లేటు ఖాళీ

ఏలూరు, జూలై 7

ప్రియమైన తేజశ్రీకి,

మీ కంపెనీ రోబో మా పిల్లల వార్డుకి వచ్చి పదిహేను రోజులైంది. నువ్వడిగినట్టే, నర్సుగా నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మూడో బెడ్‌లో జాయ్సీ అని ఎనిమిదేళ్ల పాప ఉంది. కొల్లేరు వైపు ఊరు. నాన్న చేపల చెరువు దగ్గర కాపలా. షుగర్ ఉందని ఈమధ్యే బయటపడింది. ఇన్సులిన్ వేశాక కడుపునిండా తినాలి, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. టిఫిన్ ప్లేటు ఖాళీ అయిందని రోబో రోజూ నమోదు చేస్తోంది. అయినా కాసేపటికే పాప చేతులు వణుకుతున్నాయి. డాక్టరుగారు డోసు తగ్గించినా అంతే. ఇవాళ తువ్వాళ్లు మారుద్దామని రోబో వెనకుండే సామాన్ల డబ్బా తెరిస్తే రెండు ఇడ్లీలున్నాయి, చట్నీతో సహా. ప్లేటు ఎలా ఖాళీ అవుతోందో అప్పుడర్థమైంది.

నీ నిలోఫర్

ఒసాకా, జూలై 9

నిలూ,

ఇక్కడి ఆసుపత్రుల్లో పిల్లలు రోబో ముక్కు లాగుతారు, పాటలు పాడమంటారు. తిండి పెట్టినవాళ్లు ఒక్కరూ లేరు. దానికి ప్రాణముందని జాయ్సీ నమ్ముతోందని మావాళ్లు తేల్చారు. ఇకనుంచి టిఫిన్‌కి ముందు "నేను యంత్రాన్ని, నాకు ఆకలి వేయదు" అని అదే చెబుతుంది. చిన్నప్పుడు మన గూడెం బడిలో నా క్యారేజీలో సగం నీకు పెట్టేదాన్ని, నిజమే. కానీ ఇది వేరు కదా. ఎలా ఉందో వెంటనే రాయి.

తేజ

ఏలూరు, జూలై 14

తేజూ,

మీ మార్పు పనిచేయలేదు. శనివారం పాప షుగర్ నలభై రెండుకి పడిపోయింది. గ్లూకోజు ఎక్కించాక పావుగంటకి కళ్లు తెరిచింది.

తేరుకున్నాక పాప పక్కన కూర్చుని, రోబో చెప్పింది వినలేదా అని అడిగాను.

"విన్నానండీ. అది మిషనని నాకు ముందే తెలుసండీ," అంది. "తిన్నావా తిన్నావా అంటూ ఎదురుగానే నిలబడుద్ది కదండీ. దానికి పెట్టకుండా నేనొక్కదాన్నే ఎలా తింటానండీ?"

ముందే పాపని అడగాలని మనిద్దరికీ తోచలేదు. నాకు చాలా సిగ్గేసింది.

నిన్నటినుంచి టిఫిన్ వేళకి రోబోని వరండాలోకి పంపేసి, ప్లేటు నేనే చూసుకుంటున్నాను. షుగర్ నిలకడగా ఉంది. ఈ ఉదయం జాయ్సీ నాలుగిడ్లీలూ తిని, చెయ్యి కడుక్కుని, తలుపు దాకా వెళ్లి దాన్ని పిలిచింది.

"నాదైపోయింది. ఇంక రా."

నిలోఫర్