ఎక్కించని నెత్తురు

డాక్టరమ్మ గారికి,

మీ ఆసుపత్రి వరండాలో కేకలు పెట్టింది నేనే. మీరు లివర్ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసిన భూషణం కొడుకుని.

నాయన కోసం ఇనుప గనిలో పనిచేసే ఆరుగురం కిరండూల్‌లో రైలెక్కి విశాఖ వచ్చి నెత్తురు ఇచ్చాం. ఆపరేషన్ అయ్యాక, ఒక్క సంచీ కూడా ఎక్కించలేదని నర్సు చెప్పింది. సూదంటే వణికే మా జట్టు కుర్రాడు మాసా, "ఏందన్నా, మన నెత్తురు పనికిరాదంటనా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కూలోళ్ళ నెత్తురని పక్కన పెట్టారనుకుని మిమ్మల్ని నానా మాటలూ అన్నాను.

మీరు బల్ల మీద నా పక్కనే కూర్చున్నారు. "ఈ ఆపరేషన్లో బయటి నెత్తురు ఎక్కిస్తే జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువంటారు బాబూ. ఆ అవసరం రాకూడదనే నెమ్మదిగా కోశాను. మీ నాయనకు పోయింది మూడు టీ గ్లాసులంతే. మీరిచ్చింది ఇంకొకరిని బతికిస్తుంది," అన్నారు.

కాలేయం సగం తీసి మూడు గ్లాసులు! మేం కొండను కోసేవాళ్ళం. వానొస్తే ఇక్కడి వాగు ఎర్రగా పారుతుంది, ఎంత పోయిందో ఎవడూ కొలవడు. కోయడమంటే అంతేననుకున్నాను. ఇంత జాగ్రత్తగా కోయవచ్చని ఇరవై ఆరేళ్ళకు తెలిసింది.

క్షమాపణ రాయడం నాకు చేతకాదు. నాయన గంజి తాగుతున్నాడు, నన్ను తిడుతున్నాడు. జబ్బు మళ్ళీ రాదని మీరు మాటివ్వలేదు, నేనూ అడగను.

వచ్చే నెల చూపించడానికి తీసుకొస్తాం. మాసా కూడా వస్తానంటున్నాడు. మళ్ళీ నెత్తురియ్యడానికా అంటే, "కాదన్నా, ఆయమ్మ చేతులు చూడనీకి," అన్నాడు.

ఒక్కసారి చూపించండి.

ఇట్లు,
భూషణం కొడుకు